నలుపు-ఎరుపు కుండ కోసం మూడుసార్లు పెట్టిన ఆము

తెలంగాణలోని ఒక చిన్న మ్యూజియం ఆవరణలో ఆరు నెలల వ్యవధిలో మూడుసార్లు, బడిపిల్లల ముందు ఆము పెట్టి, అంటే కుండలు పేర్చి వాటి మీద నిప్పు వేసి, కాల్చాం. ఊరు, మ్యూజియం, బడులు, మనుషుల పేర్లు కావాలనే వదిలేశాను, గుర్తుపట్టేలా ఉన్న కొన్ని వివరాలు మార్చాను. మిగతాది నా నోటుబుక్కులో ఉన్నట్టే రాస్తున్నాను, తప్పులతో సహా. పాతకాలపు పనిని మళ్ళీ చేసి చూపించే కార్యక్రమాలు ఇప్పుడు చాలాచోట్ల అడుగుతున్నారు. మేం చేసిన పొరపాట్లనే ఇంకొకరు, అందులోనూ పిల్లల ముందు, నిప్పుతో చేయకూడదని నా కోరిక.

నేను పురావస్తు శాస్త్రం చదువుకుని, మ్యూజియాలకీ బడులకీ చేతులతో చేసి తెలుసుకునే కార్యక్రమాలు తయారుచేస్తుంటాను. ఈ మ్యూజియం చుట్టుపక్కల ఊళ్ళలో ఇనుపయుగం నాటి సమాధులు చాలా ఉన్నాయి. పెద్ద రాళ్ళు వలయంగా పేర్చి, మధ్యలో రాతిపెట్టె కట్టి ఉంటాయి. మనవైపు వాటిని రాక్షసి గుళ్ళంటారు. హైదరాబాద్‌లోనే హష్మత్‌పేటలోనూ, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోనూ ఇలాంటివి ఉన్నాయి. ఈ సమాధుల్లో ఇనుప గొడ్డళ్ళు, కొడవళ్ళతో పాటు ఒక రకం కుండలు దొరుకుతాయి. లోపలంతా నిగనిగలాడే నలుపు, బయట మూతి చుట్టూ కొంత నలుపు, కిందంతా ఎరుపు. 1947లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్వినప్పుడు ఇవి బయటపడ్డాయి, నాగార్జునకొండ దగ్గరా ఏలేశ్వరంలోనూ దొరికాయి. అయితే ఇదే రెండు రంగుల కుండ రాజస్థాన్‌లోని ఆహార్‌లో అంతకు చాలా ముందే, రాగి వాడే కాలంలోనే ఉంది. కాబట్టి రంగు చూసి ఇది ఫలానా వాళ్ళదని చెప్పడం కుదరదు, ఆ రంగు ఒక పని తీరు గురించి మాత్రమే చెబుతుంది.

ఆ పని ఏమిటన్నదే కదా ప్రశ్న. మట్టిలో ఇనుము ఉంటుంది, కాలేటప్పుడు గాలి బాగా తగిలితే ఎర్రబడుతుంది. గాలి అందకుండా పొగలో మగ్గితే మట్టిలోకి మసి దిగి నల్లబడుతుంది. కుండని బోర్లించి, లోపల ఊకో ఆకో కూరి, మూతి బూడిదలో పూడ్చి కాలిస్తే లోపల గాలి ఉండదు, బయట ఉంటుంది, రెండు రంగులూ ఒకేసారి వస్తాయి అన్నది ఒక వివరణ. ముందు మామూలుగా ఎర్రగా కాల్చి, తర్వాత రెండోసారి మూతివైపు పొగలో మగ్గించి ఉంటారన్నది ఇంకొకటి. రెండింటినీ సమర్థించినవాళ్ళున్నారు.

మ్యూజియంలో అద్దాల పెట్టె పక్కన బోర్డు మీద మాత్రం ఒకటే రాసి ఉంది: "ఈ కుండలను ఊకలో బోర్లించి కాల్చేవారు."

ఏం అడిగారు, నేను ఎందుకు ఒప్పుకున్నాను

నవంబర్ 19 నుంచి 25 వరకు జరిగే ప్రపంచ వారసత్వ వారోత్సవాలకు, ఆ బోర్డు మీద ఉన్నదాన్ని పిల్లలకు చేసి చూపించమన్నారు. మధ్యాహ్నం మూడింటికి మొదలై ఐదింటికి అయిపోవాలి, చివర్లో ముఖ్య అతిథి ఒక కుండ తీసి అందరికీ చూపించాలి. ఇంకో కోరిక కూడా ఉంది, పిల్లల్లో కొందరికి ఆదిమానవుల వేషాలు వేయాలని.

రెండు గంటలు చాలవని నాకు తెలుసు. అయినా పిడకలూ వరిగడ్డీ వేసిన మంట త్వరగా పైకి లేస్తుంది కదా, చిన్న కుండలైతే సరిపోతుందేమో అనుకున్నాను. జవాబు ముందే బోర్డు మీద ఉంది, మేం చేయాల్సింది దానికి బొమ్మ కట్టడమే అన్నట్టు ఆలోచించాను. అన్నిటికన్నా పెద్ద తప్పు అదే, మిగతా తప్పులన్నీ అందులోంచే వచ్చాయి. వేషాల విషయంలో ఆకులు కట్టడం వద్దన్నాను గానీ గోనెపట్ట చుట్టి, ముఖాలకు మసి పూయడానికి ఒప్పుకున్నాను. నిర్వాహకులతో తగవెందుకని సర్దుకుపోయాను, అలా చేసి ఉండకూడదు.

మొదటిసారి

మట్టి దగ్గర్లోని చెరువు నుంచి తెచ్చాం. అందులో నల్లరేగడి పాలు ఎక్కువ. నీళ్ళు తగిలితే ఉబ్బి, ఎండితే ముడుచుకుపోయే మట్టి అది, ఎండాకాలం చేలో పడే నెర్రెలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇసుక కొద్దిగానే కలిపాం. కార్యక్రమానికి నాలుగు రోజుల ముందు పిల్లలు కుమ్మరి సారె లేకుండా, చేత్తో చిన్న కుండలు చేశారు. పిల్లలు చేసిన కుండకి అడుగు మందంగానే ఉంటుంది. నవంబర్ మంచు, నీడలో ఆరబెట్టడం, నాలుగే రోజులు. పైకి ఎండినట్టే కనిపించాయి.

ఇరవై కుండలు బోర్లించి, లోపల ఊక నింపి, పైన పిడకలూ గడ్డీ పేర్చి అంటించాం. పావుగంట గడిచేసరికి వేడి కొలిచే థర్మోకపుల్ 500 డిగ్రీలు దాటింది. అప్పటికే మొదటి కుండ పేలింది. తర్వాత వరసగా పేలుతూనే ఉన్నాయి. గోడలో మిగిలిన నీరు ఆవిరై, బయటికి పోయే దారి దొరక్క కుండని లోపల్నుంచి చీల్చేస్తుంది. ఒక పెంకు ఎగిరి, మేం కట్టిన తాడుకి జానెడు దూరంలో పడింది, తాడు అవతల మూడో తరగతి పిల్లలున్నారు. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ వస్తుంది. వెంటనే పిల్లలందరినీ వరండాలోకి పంపించేశాం.

ఐదింటికి అతిథి వచ్చేటప్పటికి ఆరు కుండలు మిగిలాయి. కొన్ని లోపలా బయటా మసిబారి నల్లగా, కొన్ని ఒళ్ళంతా మచ్చలతో ఉన్నాయి. బోర్డు మీద చెప్పిన కుండ ఒక్కటీ లేదు.

ఇంకోటి జరిగింది, అది నాకు పేలుళ్ళ కన్నా ఎక్కువ బాధ కలిగించింది. గోనెపట్ట కట్టుకున్న పిల్లల్ని చూపించి, ఒక కుర్రాడు పక్కనున్న అమ్మాయితో "మీ ఊరోళ్ళు గిట్లనే ఉంటరు గదా" అన్నాడు. ఆ అమ్మాయి అడవి దగ్గరి పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఏమీ అనలేదు, వెనక వరసలోకి వెళ్ళి కూర్చుంది. ఆ కుర్రాణ్ణి తప్పుపట్టలేను. ఖనిజం నుంచి ఇనుము తీసి, పంటలు పండించి, అంతంత రాళ్ళు లేపి సమాధులు కట్టిన మనుషుల్ని మసి పూసుకుని గంతులేసేవాళ్ళలా చూపించింది మేమే. ఆ బొమ్మ చూసి వాడు తనకు తెలిసిన మనుషులకి ముడిపెట్టుకున్నాడు.

పెద్దాయన ఏమన్నాడు

ఆ రోజు పక్క ఊరి నుంచి ఒక కుమ్మరి పెద్దాయన్ని కూడా పిలిచారు, ఒక మూల సారె తిప్పి చూపించడానికి. మేం కుండలు పేర్చేటప్పుడు ఆయన చూస్తూనే ఉన్నాడు. మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక పెంకులు ఏరుతుంటే వచ్చి, ఒక ముక్క విరిచి వేలితో రుద్ది చూసి అన్నాడు: "పచ్చికుండకు మొదలు సెగ చూపాలె బిడ్డా, మంట గాదు. మీరు ఒక్కపారే మంటల వడేస్తిరి."

మరి ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "నన్ను సారె తిప్పమని పిలిచిరి గదా" అన్నాడు.

అక్కడ ఉన్నవాళ్ళలో పచ్చిమట్టి నిప్పులో ఎలా మసలుతుందో నిజంగా తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఆయన్ని మేం చూడదగ్గ వస్తువుగా పిలిచాం, అడగదగ్గ మనిషిగా పిలవలేదు. తర్వాతి కార్యక్రమానికి ఆయన్ని నిపుణుడిగా ఆహ్వానించాలని, ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చే ప్రొఫెసర్‌కి ఎంత ఇస్తారో అంతే ఇవ్వాలని రాతపూర్వకంగా అడిగాను. కొంత టెన్షన్ పడ్డారు గానీ ఒప్పుకున్నారు.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా అవసరం. ఈయన తాతముత్తాతలు ఆ నలుపు-ఎరుపు కుండలు చేసినవాళ్ళేనని, ఆ రహస్యం ఈయన దగ్గర ఇంకా ఉందని చెప్పేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. నేనే అడిగాను. "మా తాతలు గూడ గిసొంటియి చెయ్యలె" అన్నాడు. ఆయన కుండలు సారె మీద చేస్తాడు, పెద్ద ఆము పెట్టి కట్టెలతో కాలుస్తాడు. రెండువేల ఏళ్ళకు పైబడిన పని ఆయనలో చెక్కుచెదరకుండా ఉందనుకోవడం అంటే ఆయన నేర్చుకున్నదాన్నీ మార్చుకున్నదాన్నీ లెక్కలోకి తీసుకోకపోవడమే. మాకు ఆయన నుంచి కావలసింది నిప్పు మీద ఆయనకున్న అంచనా. పాతకాలం వాళ్ళ గురించిన సాక్ష్యం ఆయన్ని అడగడం సరికాదు.

రెండోసారి: కుండలు నిలిచాయి, రంగు నిలవలేదు

ఫిబ్రవరిలో మళ్ళీ చేశాం. ఈసారి రేగడి తగ్గించి ఒండ్రుమట్టి కలిపాం, జల్లెడ పట్టిన ఇసుక మట్టిలో నాలుగో వంతు దాకా వేశాం. ఇసుక వేస్తే మట్టి తక్కువ ముడుచుకుంటుంది, ఆవిరి పోవడానికి సందులు ఉంటాయి. మూడు వారాలు ఆరబెట్టాం. పెద్దాయన ప్రతి కుండనీ చెంపకు ఆనించి చూశాడు, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు. అలా నాలుగు పక్కన పెట్టేశాడు. వాటిలో ఒకటి తెలివైన ఒక పిల్లాడిది, బాగా బాధపడ్డాడు, కానీ కారణం చెప్పాక తనే మిగతావాటిని చెంపకు ఆనించి చూడటం మొదలుపెట్టాడు.

కుండల చుట్టూ ముందు చిన్న నిప్పు వేసి రెండు గంటలు సెగ చూపించాం. తర్వాత పిడకలు. ఒక్కటి కూడా పేలలేదు.

అయినా ఫలితం రాలేదు, కారణం గడియారం. ఉదయం పదికి మొదలుపెడితే మధ్యాహ్నం రెండున్నరకి వచ్చినవాళ్ళకి చూపించాలన్నారు. లోపల కుండలు ఇంకా ఎర్రగా కణకణలాడుతున్నాయి. ఇనుప కొంకితో ఒకదాన్ని పైకి తీసి వెల్లకిలా పెట్టాం. లోపల చక్కటి నలుపు! అందరూ ఒక్కసారి "ఓ" అన్నారు. కొన్ని నిమిషాల్లో, మా కళ్ళముందే, మూతి నుంచి కిందికి ఆ నలుపు వెలిసిపోతూ వచ్చింది. వేడి మీద గాలి తగలగానే మట్టిలో దిగిన మసి కాలిపోతుంది, అంతే. చల్లారాక చూస్తే బూడిదరంగూ ఎరుపూ కలిసిన మచ్చల కుండ. తొందరపడి నాలుగు కుండలు అలా పాడుచేశాం, మిగతావి ముట్టుకోవద్దని పెద్దాయన అడ్డం నిలబడ్డాడు.

పిల్లల సంగతి కూడా రాయాలి. నాలుగున్నర గంటలు తాడు వెనక కూర్చోబెడితే ఎవరికైనా విసుగు పుడుతుంది. మొదటిసారి భయపడ్డారు, రెండోసారి నిద్రపోయారు. వాళ్ళకి చూడటం తప్ప ఇంకో పని ఇవ్వలేదు మేము.

ఇంటికి వచ్చాక ఇంగ్లండ్‌లోని ఓవర్టన్ డౌన్ గురించి మళ్ళీ చదివాను. 1960లో అక్కడ ఒక మట్టికట్ట, పక్కనే ఒక కందకం కావాలని కట్టారు, అవి కాలంతో పాటు ఎలా కుంగిపోతాయో, లోపల పాతిన వస్తువులు ఏమవుతాయో చూడటానికి. గడువు ప్రతిసారీ రెట్టింపు చేసుకుంటూ, చివరిసారి 128 ఏళ్ళకి తవ్వి చూడాలని ప్రణాళిక. మొదలుపెట్టినవాళ్ళెవరూ చివరి ఫలితం చూడరు. వాళ్ళు ప్రశ్నకి ఎంత కాలం కావాలో అంత ఇచ్చారు. నేనేమో చల్లారడానికి ఒక రాత్రి పట్టే కుండని మధ్యాహ్న భోజనానికీ అతిథి కారుకీ మధ్య ఇరికించాను. అదే ఇంగ్లండ్‌లో 1972లో, ఇనుపయుగపు సాగునీ ఇళ్ళనీ ప్రయోగంగా చేసి చూడటానికి బట్సర్ పొలం మొదలుపెట్టిన పీటర్ రెనాల్డ్స్ తను కట్టిన గుండ్రటి ఇళ్ళని పునర్నిర్మాణం అననిచ్చేవాడు కాదు, నిర్మాణం అనే అనాలనేవాడు. తవ్వకంలో దొరికేది గుంజలు పాతిన గుంతలే, ఆ పైనున్న కప్పూ వాసాలూ మన ఊహ. బోర్డు మీది వాక్యంతో నాకున్న ఇబ్బందికి అప్పుడు మాట దొరికింది. "చేసి ఉండవచ్చు" అన్నది "చేసేవారు"గా మారిపోయింది, మధ్యలో ఎవరూ పరీక్ష పెట్టలేదు.

మూడోసారి

ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినోత్సవం. ఆ ముందు రోజు సాయంత్రం కాల్చడం, 18న పొద్దున ఆరున్నరకి తెరవడం అని రెండు రోజులకు విడగొట్టాం. ఎండదెబ్బ భయం కూడా తగ్గింది. అతిథి ఉదయం వస్తే సంతోషం, లేకపోతే ఫోటోలు పంపిస్తామని చెప్పాం. నిర్వాహకులు దీనికి సులభంగా ఒప్పుకోలేదు, రెండోసారి మసి వెలిసిపోతున్న వీడియో చూపించాకే ఒప్పుకున్నారు. వేషాలు పూర్తిగా తీసేశాం. అందరూ బడి దుస్తుల్లోనే వచ్చారు, నూలు బట్టలే వేసుకోవాలని, దుపట్టాలు ముడేసుకోవాలని ముందే చెప్పాం. తాడుని ఇరవై అడుగుల వెనక్కి జరిపాం, రెండు డ్రమ్ముల నీళ్ళు పెట్టుకున్నాం.

అసలు మార్పు ఇంకోటి. కుండలన్నీ ఒకే మట్టి, ఒకే సైజు, మూడు గుంపులు. మొదటి గుంపు వెల్లకిలా, ఖాళీగా. రెండోది బోర్లించి, లోపల ఏమీ లేకుండా. మూడోది బోర్లించి, లోపల ఊక నింపి, మూతి మూడు వేళ్ళ లోతు మెత్తటి బూడిదలో పూడ్చి. ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకి ఏం మారిందో పిల్లలతోనే చెప్పించాం. రెండో గుంపుకీ మూడో గుంపుకీ మధ్య ఊకా బూడిదా రెండూ మారాయి, ఒకటే మార్చాలి కదా అని ఒక అమ్మాయి పట్టుకుంది, నాకు తట్టలేదు. అప్పటికప్పుడు నాలుగో గుంపు పెట్టాం: బోర్లించి, ఊక లేకుండా, మూతి మాత్రం బూడిదలో పూడ్చి. నవంబర్‌లో వెనక వరసలోకి వెళ్ళి కూర్చున్న అమ్మాయే ఆమె.

అంటించే ముందు ప్రతి జట్టూ చీటీ మీద తమ అంచనా రాసి పెట్టెలో వేసింది. కుండ లోపల ఏ రంగు, బయట ఏ రంగు, ఎందుకు. చీటీ రాశాక తాడు వెనక కూర్చోవడం ఎవరికీ కష్టం కాలేదు. పది నిమిషాలకోసారి ఒక జట్టు థర్మోకపుల్ అంకె చదివి రాసింది, ఒక జట్టు పొగ రంగు రాసింది, ఒక జట్టు పెద్దాయన పక్కన నిలబడి ఆయన ఎప్పుడు పిడక వేస్తున్నాడో, ఎందుకో అడిగి రాసింది. "పొగ నల్లగ వస్తే ఆగాలె, తెల్లగైతే వెయ్యాలె" లాంటి వాక్యాలు ఆ కాగితాల మీద ఉన్నాయి, అవి నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మంట తగ్గాక అంతటినీ బూడిదతో కప్పి రాత్రికి వదిలేశాం.

పొద్దున తెరిచాం. వెల్లకిలా పెట్టినవి లోపలా బయటా ఎర్రగా. ఊక నింపి పూడ్చినవాటిలో ఎక్కువ కుండలు అచ్చం అద్దాల పెట్టెలో ఉన్నట్టు, లోపల నలుపు, మూతి చుట్టూ నల్లటి పట్టీ, కింద ఎరుపు. పెద్దాయన వేలి కణుపుతో కొడితే కంగున మోగాయి. పిల్లల అరుపులకి కాపలాదారు పరిగెత్తుకొచ్చాడు.

తర్వాత నాలుగో గుంపు తీశాం. ఊక లేదు కాబట్టి లోపల ఎర్రగానో బూడిదరంగులోనో ఉంటాయనే దాదాపు అన్ని చీటీల్లోనూ ఉంది, నా చీటీలో కూడా. మూడు కుండలు అలాగే వచ్చాయి. ఒకటి మాత్రం లోపల సగం దాకా నల్లగా వచ్చింది. ఎక్కణ్ణుంచో పిడక పొడి మూతి కిందికి చేరి లోపల మగ్గినట్టుంది.

"అంటే పాతకాలం వాళ్ళు ఊక పెట్టలేదేమో, పేడ పెట్టారేమో?" అన్నాడు ఒక పిల్లాడు.

"ఏదైనా పెట్టి ఉండొచ్చు" అంది ఆ అమ్మాయి. "ఊకతో వస్తదని మనకి తెలిసింది. వాళ్ళు ఊకే పెట్టిన్రని తెల్వలె."

నేను చెప్పాల్సింది ఆ పిల్ల చెప్పేసింది. ఒక పద్ధతి పనిచేస్తే, అది సాధ్యమని తెలుస్తుంది. వాళ్ళు అదే చేశారని తేలదు, ఎందుకంటే ఇంకో పద్ధతిలోనూ అదే రంగు రావచ్చు. పనిచేయని పద్ధతుల గురించే మనం కాస్త గట్టిగా మాట్లాడగలం, అదీ మన మట్టి, మన నిప్పు, మన చేతుల మేరకు. మొదటి కార్యక్రమం అనుకున్నట్టు జరిగి, అతిథి చేతిలో ఒక అందమైన నలుపు-ఎరుపు కుండ పెట్టి ఉంటే ఈ మాట ఎవరి నోటా వచ్చేది కాదు, నేను కూడా ఆ బోర్డుని అలాగే వదిలేసేదాన్ని.

తర్వాత

ఇలాంటి కార్యక్రమం పెట్టాలనుకునేవాళ్ళు నన్నడిగితే ముందు రోజుల సంఖ్య గురించి మాట్లాడతాను. మట్టికి వారాలు, కాల్పుకి ఒక సాయంత్రం, చల్లారడానికి ఒక రాత్రి. అవి ఇవ్వలేకపోతే కాల్చడం మానేసి, మట్టి పిసకడం, పెంకులు చూసి ఎలా కాలిందో ఊహించడం చేయించండి, అది కూడా మంచి కార్యక్రమమే. పనివాళ్ళని పిలిస్తే పని మొదలుకాకముందే వాళ్ళతో కూర్చోండి. వేషం అడిగితే, ఏ ఆధారం మీద ఆ బట్ట, ఆ రంగు అని తిరిగి అడగండి, జవాబు లేకపోతే వేయకండి. పోలిక పెట్టుకోవడానికి వేరేగా అమర్చిన కుండ ఒక్కటైనా లేకుండా మంట అంటించకండి.

బోర్డు మార్చడానికి మరో రెండు నెలలు పట్టింది. "ఉండవచ్చు" అంటే మ్యూజియానికి తెలియదని జనం అనుకుంటారన్నది వాళ్ళ అభ్యంతరం. చివరికి "ఇలా కాల్చి ఉండవచ్చు" అని రాసి, పక్కనే పిల్లలు కాల్చిన రెండు కుండల్ని, ఒకటి ఊకతో, ఒకటి ఊక లేకుండా సగం నల్లబడింది, పెట్టారు. వాటిని చూసి ఆగి, ఎందుకిలా అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారని కాపలాదారే నాకు చెప్పాడు.

వానలు వెళ్ళాక అక్టోబర్‌లో ఒకసారి అదే పిల్లలతో ఆము పెట్టిన చోటుకి వెళ్ళాం. మూడుసార్లు అంత మంట మండిన నేల మీద గడ్డి మొలిచింది. టేపు పెట్టి కొలిచి, కరణితో జాగ్రత్తగా గీకితే, పలచటి బూడిద పొర, దాని కింద వేలి మందం ఎర్రబడిన మట్టి, కొన్ని పెంకులు. ఇంకో పది వానాకాలాలు పోతే ఇక్కడ ఎవరికైనా ఏం కనబడుతుందని అడిగాను. పెద్దాయన కూడా వంగి చూస్తున్నాడు. ఆ అమ్మాయి కాగితం మీద గీతలు గీసి, పెంకులు దొరికిన చోట చుక్కలు పెట్టి, కింద తారీఖు వేసింది. మళ్ళీ వచ్చే ఏడాది ఇదే రోజు రావాలని పిల్లలే నిర్ణయించారు.